రోగిని కనిపెట్టియుండు విద్య

మహామారి వచ్చినప్పుడు లోకులు మొదట అడుగునది మందు. మందున్నదా, ఎక్కడ దొరకును, వెల యెంత యని విచారింతురు. మందు లేదని తెలిసినయెడల ఇక చేయదగిన దేమియు లేదని చేతులు ముడుచుకొని కూర్చుందురు. చరిత్రను పరికించినచో ఈ నిరాశ తగనిదని తేలుచున్నది. మందు దొరకని కాలమందును పెక్కుమంది రోగులను గట్టెక్కించిన విద్య యొకటి కలదు. రోగి ప్రక్కను నిలిచి, అతని నాడిని, ఊపిరిని, ఒంటి వేడిని మాటిమాటికి చూచి, లెక్కించి, వ్రాసి, మార్పు కనబడినతోడనే చెప్పవలసినవారికి చెప్పుటయే ఆ విద్య. దానిని నేర్చి ఆచరించువారు నర్సులు. ఈ విద్య యెట్లు పెరిగినది, మన సీమ కెట్లు వచ్చినది, 2020వ సంవత్సరపు కరోనా మహామారిలో ఎట్లు పరీక్షకు నిలిచినది అను సంగతులను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ఇది కేవలము పరదేశమునుండి వచ్చిన విద్య యని తలపరాదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యనునవి యా నాలుగు. మంచమునకు నాలుగు కోళ్ళ వంటివి యివి. ఒకటి విఱిగినను రోగి నేలబడును. పరిచారకునకు మరల నాలుగు గుణములు చెప్పబడినవి: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము. వీనిలో తెలివి ముందు చెప్పబడెను. దయ యొక్కటియే చాలునని శాస్త్రకర్త చెప్పలేదు. మనము మాత్రము పరిచర్య యనగా మంచినీళ్ళందించుట, పక్క దులుపుట యని భావించి, దానికొక శాస్త్రమున్నదని మఱచితిమి.

ఇక నాడి సంగతి. చరక సుశ్రుతుల గ్రంథములందు నాడీపరీక్ష విపులముగ గానరాదు. శార్ఙ్గధరసంహితనాటికి అది వైద్యమున స్థిరపడినది. మన తెలుగుదేశపు వైద్యులు నిత్యము చేతబట్టుకొని తిరిగిన బసవరాజీయమునందును నాడీలక్షణములు కలవు. బొటనవ్రేలి మొదట మూడు వ్రేళ్ళు మోపి, నాడి పామువలె ప్రాకుచున్నదా, కప్పవలె గెంతుచున్నదా, హంసవలె మెల్లగ నడచుచున్నదా యని వైద్యుడు తెలిసికొనెడివాడు. భోజనము చేసిన వెంటనే గాని, స్నానము చేసిన వెంటనే గాని నాడి చూడరాదని నియమము. నేటి నర్సు సైతము నడచి వచ్చిన రోగిని కొంతసేపు కూర్చుండబెట్టి, ఆయాసము తీరిన పిమ్మటనే చేయి పట్టుకొనును. శ్రమచే కలిగిన వేగమును రోగముచే కలిగిన వేగమని భ్రమింపకుండుటకే రెండు చోట్లను ఈ నియమము.

అయినను ఆ పద్ధతికిని ఈ పద్ధతికిని ఒక పెద్ద భేదము కలదు. పూర్వవైద్యుడు నాడి యొక్క గతిని గుర్తించెను. దానిని అంకెగా వ్రాసియుంచలేదు. ఆయన యెఱిగినది ఆయన వ్రేళ్ళలోనే యుండెను. ఆయన లేనినాడు ఆ రోగి నిన్న ఎట్లుండెనో, నేడెట్లున్నాడో చెప్పగలవారు లేరు. వ్రాసిన అంకె అట్లు కాదు. రాత్రి కాపున్న నర్సు వ్రాసిన దానిని ఉదయము వచ్చిన నర్సు చదివి, తాను చూచినదానితో పోల్చుకొనవచ్చును. ఒకరి యెఱుక పదుగురి యెఱుక యగును.

ఈ అంకెలు ఐరోపాఖండమున మెల్లమెల్లగ పుట్టినవి. పదునేడవ శతాబ్ది ఆరంభమున ఇటలీదేశపు పాదువా నగరమందు సాంతోరియో అను వైద్యుడు నాడీవేగమును కొలుచుటకు ఒక లోలకమును, వేడిని కొలుచుటకు గుర్తులు పెట్టిన గాజుగొట్టమును కల్పించెను. 1707వ సంవత్సరమున ఆంగ్లవైద్యుడు జాన్ ఫ్లాయరు, సరిగా ఒక్క నిమిషము నడచి ఆగు గడియారమును చేయించి, దానితో నాడిని లెక్కించు విధమును గ్రంథముగ వ్రాసెను. జర్మనీదేశపు లైప్సిగు నగరమున వుండర్లిఖ్ అను వైద్యుడు సుమారు ఇరువదియైదువేలమంది రోగుల ఒంటివేడిని మరల మరల కొలిపించి, 1868వ సంవత్సరమున తన గ్రంథమును ప్రకటించెను. జ్వరము స్వయముగ రోగము కాదనియు, రోగమునకు గుర్తనియు, వేడి యెక్కుచు దిగుచుండు క్రమమును గీత గీసి చూచినచో రోగము నడక తెలియుననియు ఆయన స్థాపించెను. ఆయన వాడిన థర్మామీటరు సుమారు అడుగు పొడవు. వేడి తెలియుటకు ఇరువది నిమిషములు పట్టెడిది. ఆ కాలముననే ఇంగ్లండులో ఆల్బట్టు అను వైద్యుడు ఆఱంగుళముల థర్మామీటరును చేయించెను. దానికి అయిదు నిమిషములు చాలెను. అప్పటినుండియే అది నర్సు జేబులో నిముడు వస్తువయ్యెను.

పరికరములు పుట్టిన మాత్రమున విద్య పుట్టదు. 1854లో క్రిమియా యుద్ధమునకు గాయపడినవారి సేవకై పోయిన ఫ్లారెన్సు నైటింగేలు, మరలివచ్చి వ్రాసిన పరిచర్యాగ్రంథమున రోగిని పరిశీలించుటను గూర్చి యొక ప్రకరణమునే కేటాయించెను. 1860లో లండనునందు నర్సుల పాఠశాల ఆమె పేర వెలసెను. మన దేశమున 1871లో మదరాసు జనరల్ ఆస్పత్రియందు శిక్షణ ఆరంభమయ్యెను. తెలుగుగడ్డపై 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా మిషను వైద్యురాలు అన్నా కూగ్లరు 1898లో అచ్చట స్త్రీల ఆస్పత్రిని తెఱచెను. మన ఉత్తరపు జిల్లాలలో కెనడా బాప్టిస్టు మిషనువారు చికాకోలు, సోంపేట మొదలగు చోట్ల వైద్యసేవను నడపిరి. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆస్పత్రి 1923లో తెఱువబడెను. 1926లో మదరాసు శాసనసభ నర్సుల పేర్లను పట్టికలో చేర్చుటకు చట్టము చేసెను. 1947లో దేశమంతటికిని ఇండియన్ నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను. ఇన్ని జరిగినను, పరాయి మగవారిని తాకవలసిన పని యని, రాత్రులు ఇల్లు విడిచి యుండవలెనని, మనవారిలో పెక్కురు తమ కుమార్తెలను ఈ వృత్తికి పంప వెనుదీసిరి. చరకుడు వైద్యుని సరసను నిలిపిన పరిచారకుని మనము గుమ్మము వెలుపల నిలిపితిమి.

ఆ నిరాదరణకు మూల్యమెంతయో 1918వ సంవత్సరము చూపెను. ఆ యేడు వేసవి తుదిని బొంబాయిరేవున కనబడిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము, వర్షకాలము కడపట రెండవమాఱు విజృంభించి దేశమంతట వ్యాపించెను. రేవులును, రైలుమార్గములును దానికి రాజమార్గము లయ్యెను. మన కళింగపట్టణము అప్పుడు గంజాం జిల్లాలోనిది. కోస్తా స్టీమరులాగు రేవు. కూలికై రంగూను పోవు జనము ఓడ యెక్కు తావులలో నొకటి. దేశమున మరణించినవారు కోటికి పైబడిరని నేటి పరిశోధకుల అంచనా. 1911 మొదలు 1921 వఱకు గల పదేండ్లలో, నేటి భారతదేశపు ఎల్లలలోని జనసంఖ్య పెరుగుటకు మాఱు కొంచెము తగ్గెను. ఆ తరువాతి ఏ జనగణనయందును అట్టి తగ్గుదల కానరాదు.

ఆ రోగమునకు మందు లేదు. వైద్యులలో పెక్కురు యుద్ధసేవకై పోయియుండిరి. శిక్షణ గల నర్సులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. వారి చేతనున్నవి థర్మామీటరు, గడియారము, తమ కన్నులు. ఊపిరితిత్తులు చెడి రక్తమునకు ప్రాణవాయువు అందనప్పుడు రోగి పెదవులు, చెవులు, బుగ్గలు నీలివన్నెకు దిరిగెడివి. అది కనబడినచో ఆశ వదలుకొనవలసినదే యని ఆనాటి వైద్యులు వ్రాసిరి. కంటికి గుర్తు కనబడునప్పటికే కాలము మించియుండెడిది. మనవంటి చామనచాయవారియందు ఆ నీలము మఱింత ఆలస్యముగ తెలియును. పెదవి లోపలి భాగమును, నాలుకను, గోళ్ళను చూడవలసియుండును. కంటికంటె ముందు చెప్పగల గుర్తు కావలెనని వైద్యలోకము అప్పటినుండి వెదకుచునే యుండెను.

ఆ వెదకులాట 1974వ సంవత్సరమున జపానుదేశమందు ఫలించెను. తకువో అయోయాగి అను యంత్రజ్ఞుడు చర్మము గుండ కాంతిని పంపి గుండె పనిని కొలువ యత్నించుచుండగా, నాడి కొట్టుకొనుటచే ఆ కొలత చెదరిపోవుచుండెను. ఆయన ఆ అడ్డునే ఆధారముగ జేసికొనెను. ప్రాణవాయువుతో నిండిన రక్తము ఒక తీరునను, ప్రాణవాయువు తఱిగిన రక్తము వేఱొక తీరునను ఎఱ్ఱకాంతిని పీల్చుకొనును. కంటికి కానరాని మఱియొక కాంతిని గూడ పంపి, నాడితోపాటు హెచ్చుతగ్గులగు భాగమును మాత్రము లెక్కించినచో, ధమనులలోని రక్తమున ప్రాణవాయువు నూటికెంత యున్నదో తెలియునని ఆయన కనుగొనెను. ఇదియే పల్స్ ఆక్సీమీటరు. మన పెద్దలు మూడు వ్రేళ్ళతో పట్టిన నాడియే యిచ్చట వెలుగుతో పట్టుబడినది. ఆ అయోయాగి 2020వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీని, తాను కల్పించిన పనిముట్టు లోకమంతటను ప్రాణములు కాచుచున్న సమయముననే, కాలధర్మము నొందెను.

ఆ 2020వ సంవత్సరమును, నైటింగేలు పుట్టి రెండువందల యేండ్లయిన సందర్భమున, ప్రపంచ ఆరోగ్యసంస్థ నర్సుల సంవత్సరముగ ముందే ప్రకటించియుండెను. మార్చి 11వ తేదీని ఆ సంస్థయే కరోనాను మహామారిగ ప్రకటించెను. మార్చి 25 మొదలు దేశమంతట రాకపోకలు నిలిచెను. శ్రీకాకుళము జిల్లాలో ఏప్రిలు కడపటి వారము వఱకు ఒక్క రోగియు నమోదు కాలేదు. మే నెల వచ్చునప్పటికి, గుజరాతుదేశపు వేరావలు రేవున చిక్కుకొనిన వేలకొలది ఉత్తరాంధ్ర జాలరులు బస్సులలో స్వస్థలములకు చేరుకొనిరి. వారిని వేఱుగ నుంచి, ఒంటివేడి చూచి, దగ్గు ఆయాసములను అడిగి వ్రాసికొనిన పని చాలవఱకు గ్రామములలోని ఏ.ఎన్.ఎం.లది, ఆశా కార్యకర్తలది. 2019 అక్టోబరు 2వ తేదీని ఆంధ్రదేశమున గ్రామసచివాలయములు నెలకొల్పబడినందున ఊరూర నర్సమ్మ ఉండుట అప్పటికి తటస్థించెను. ఇంటింట జ్వరము విచారించు పని ఆమె కాళ్ళమీదనే నడచినది.

ఆ నర్సమ్మకు ఊపిరి లెక్కించుట క్రొత్త విద్య కాదు. పసిపిల్లలు డొక్కలెగురవేయుచున్నప్పుడు నిమిషమున కెన్ని ఊపిరులో లెక్కింపవలెనని ఆమెకు పూర్వమే నేర్పియుండిరి. రెండు నెలలు నిండి యేడు నిండని బిడ్డకు ఏబదియు, ఏడు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు నలుబదియు, లేక అంతకు మించియు ఉన్నచో ఊపిరితిత్తులకు వ్యాధి సోకినదని గుర్తు. పెద్దవారికి విశ్రాంతిగ నున్నప్పుడు నిమిషమునకు పండ్రెండు మొదలు ఇరువది వఱకు సహజము. కరోనాకాలమున మన ప్రభుత్వము వైద్యులకిచ్చిన సూచనలలో, ఊపిరి ఇరువదినాలుగైనను, ఆక్సీమీటరు అంకె తొంబదిమూడునకు దిగినను రోగిని ఆస్పత్రిలో చేర్పవలెననియు, ఊపిరి ముప్పదికి మించినను, అంకె తొంబదికి తగ్గినను అది తీవ్రదశ యనియు నిర్ణయించిరి. చూడుడు, రెండు గుర్తులలో నొకటి యంత్రము చెప్పునది; రెండవది కన్నులున్న వారెవరైనను లెక్కింపదగినది.

ఊపిరి లెక్కించుటలో నర్సులకొక నేర్పు కలదు. నీ ఊపిరి లెక్కించుచున్నానని చెప్పినతోడనే రోగి తెలియకయే ఊపిరి నడకను మార్చును. కావున నర్సు రోగి మణికట్టు పట్టుకొని ముందు నాడిని లెక్కించును. అది ముగిసినను చేయి విడువదు. రోగి ఇంకను నాడియే చూచుచున్నదని తలచును. ఆమె చూపు మాత్రము రోగి ఱొమ్ముపై నిలిచి, నిండు నిమిషము దాని ఎత్తుపల్లములను లెక్కించుచుండును. ఇట్టి చిన్న మెలకువయందే ఈ విద్యయొక్క గౌరవమంతయు నిమిడియున్నది.

కరోనాయందు ఈ విద్య లేనిది నడువకపోవుటకు ఒక విచిత్రకారణము కలదు. ప్రాణవాయువు నూటికి ఎనుబదికి దిగిపోయినను కొందఱు రోగులు ఆయాసము లేక, నవ్వుచు మాటలాడుచుండిరి. ఇంటివారు కులాసాగ నున్నాడని తలచిరి. లోలోపల గుండెకు, మెదడునకు ప్రాణవాయువు కఱవగుచుండెను. పైకి నిమ్మళముగ గానవచ్చు సముద్రమున లోని నీరు లాగుచుండుట మన రేవు జాలరు లెఱుగుదురు. పోటుపాటులు తెలిసినవాడు అలల అందమును చూచి దిగడు. అట్లే మాటలను చూచి గాక అంకెను చూచి రోగిని అంచనా వేయవలసివచ్చెను. అంకె దిగుచున్నదని ముందే తెలిసినచో, బోర్ల పరుండబెట్టుట, ప్రాణవాయువు నందించుట, పెద్ద ఆస్పత్రికి తరలించుట వంటి ఉపాయములకు వ్యవధి దొరకును. శ్రీకాకుళమున సర్వజనాస్పత్రియు, రాగోలునందలి జెమ్సు ఆస్పత్రియు కరోనా రోగులకు చికిత్స చేసినవి. కళింగపట్టణమునుండి అచ్చటికి పాతిక ముప్పది కిలోమీటరులు. అంత దూరము దాటుటకు పట్టు కాలము చావుబ్రతుకులను తేల్చిన రోజులవి. 2021 ఏప్రిలు మే మాసముల రెండవ ఉద్ధృతిలో పడకలు, ప్రాణవాయువు సిలిండరులు దుర్లభమైనప్పుడు, ఎవరిని ముందు చేర్పవలెను, ఎవరు ఇంకొక పూట ఆగగలరు అను నిర్ణయమునకు నర్సు వ్రాసిన పట్టికయే ఆధారమయ్యెను.

ఆస్పత్రిలోపల వారి పాట్లు వేఱు. పి.పి.ఇ. కిట్టు ధరించి, రెండేసి చేతితొడుగులతో నాడి పట్టవలెను. వ్రేలికి స్పర్శ తెలియదు. కంటియద్దములకు ఆవిరి పట్టి అంకెలు మసకబాఱును. స్టెతస్కోపు చెవికి ఆనించుకొనుటకు వీలు కాదు. గంటలకొలది నీరు త్రాగుటకు గాని, మూత్రవిసర్జనకు గాని అవకాశము లేదు. ఇట్టి స్థితిలోనే ఒక్కొక్క పడక చెంతకు పోయి, వేడి, నాడి, ఊపిరి, రక్తపుపోటు, ప్రాణవాయువు, రోగి తెలివి యను నాఱింటిని వ్రాసిరి. ఈ యాఱింటికి మార్కులు వేసి, మొత్తము పెరిగినకొలది ప్రమాదమును గుర్తించు పద్ధతిని లండనునందలి రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ వారు 2012లో ఏర్పరచియుండిరి. ఇట్లు శ్రమపడువారిని కొన్ని చోట్ల ఇరుగుపొరుగులు ఇండ్లనుండి వెళ్ళగొట్టిరి, కొట్టిరి. అందుచే 1897లో ప్లేగునాడు పుట్టిన అంటువ్యాధుల చట్టమును 2020 ఏప్రిలు 22వ తేదీని ఆర్డినెన్సుతో సవరించి, వైద్యసిబ్బందిపై చేయిచేసికొనువారికి ఖైదు విధింపవలసివచ్చెను. అట్టి చట్టము కావలసివచ్చుట మన సమాజమునకు తలవంపు.

ఈ విద్యకు లోపములు లేవని చెప్పరాదు. వ్రేలు చల్లబడినను, చేయి కదలినను, గోళ్ళకు రంగున్నను ఆక్సీమీటరు తప్పు చెప్పును. నల్లనిచర్మము వారికి ఉన్నదానికంటె ఎక్కువ అంకెను చూపుచున్నదని అమెరికాయందలి మిషిగను పండితులు 2020 డిసెంబరులో వెల్లడించిరి. నుదుటికి దూరమునుండి చూపు తుపాకివంటి థర్మామీటరు ఎండలో నడచి వచ్చినవానికి జ్వరమున్నట్లు చూపవచ్చును. యంత్రదోషమును మించినది మనుష్యదోషము. పని యెక్కువై, చూచువారు తక్కువైనచోట, లెక్కింపకయే ప్రతివానికి ఊపిరి ఇరువది యని వ్రాసివేయు అలవాటు అనేకదేశముల ఆస్పత్రులలో కనబడినది. చూడక వ్రాసిన అంకె, అంకె లేకపోవుటకంటె కీడు చేయును. అది నిద్రించు కాపలావానివలె ఇంటివారికి లేని ధైర్యము నిచ్చును. దీనికి మందు నర్సులను దూషించుట కాదు. ఒక్కొక్కరికి చూడగలిగినంతమంది రోగులనే అప్పగించుట.

ఇక గ్రామపెద్దలు గ్రహింపదగినవి మూడు మాటలు. మొదటిది, ఒక్క అంకె వార్త కాదు. అంకెల వరుస వార్త. ఉదయము తొంబదియేడు, మధ్యాహ్నము తొంబదియైదు, సాయంకాలము తొంబదిమూడు అయినచో ఆ మెట్లు దిగుచున్న జాడను చూచి కదలవలెను. ఇంట నెవరికైన జ్వరము వచ్చినప్పుడు, పాలవాని లెక్క గోడపై వ్రాసికొనునట్లే, వేళను, వేడిని, నాడిని, ఊపిరిని ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ఆస్పత్రికి పోవునప్పుడు ఆ కాగితము వెంట నుంచుకొనుడు. యంత్రము లేకున్నను గడియారము చాలును.

రెండవది, నర్సమ్మ వచ్చి, ఇతనిని ఇప్పుడే తీసికొనిపోవలె నన్నచో, రేపు మంచిరోజని, పెద్దకొడుకు రావలెనని జాగుచేయకుడు. ఆమె చెప్పునది తన మాట కాదు. రోగి శరీరము చెప్పిన మాటను ఆమె మనకు వినిపించుచున్నది. మూడవది, చదువుకొన గోరు ఆడపిల్లలను, మగపిల్లలను గూడ, ఈ వృత్తికి గౌరవముగ పంపుడు. మహామారి మరల ఎప్పుడు వచ్చునో యెవ్వరును చెప్పజాలరు. దాని మందు దానితో కూడ రాదు, వెనుక వచ్చును. ఆ నడిమి కాలమున మంచము నాలుగవ కోడుగ నిలువవలసినది ఈ కనిపెట్టియుండు విద్యయే. ఆ కోడు మన యూర నున్నదో లేదో రోగము రాకమునుపే చూచుకొనుట పెద్దల ధర్మము.